ద్రాస్, కార్గిల్: యుద్ధాన్ని చూసిన ఊరివాళ్లను ఎలా పలకరించాలి?

ప్రశ్న (అవనిగడ్డ నుంచి)

వచ్చే జులైలో మా నాన్నగారితో కలిసి శ్రీనగర్ మీదుగా ద్రాస్, కార్గిల్ వెళ్లాలనుకుంటున్నాను. 1999 యుద్ధంలో అమరుడైన హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య గురించి చదివినప్పటి నుంచి, ఆ కొండలను ఒక్కసారైనా కళ్లారా చూడాలన్నది నాన్నగారి కోరిక. స్మారకం చూసి వచ్చేయకుండా, ఆ రోజులు గడిపిన స్థానికులతోనూ మాట్లాడాలని ఉంది. ముక్కూ మొహం తెలియని వాళ్లను యుద్ధం గురించి అడగడం మర్యాదేనా?

సమాధానం (హైదరాబాద్ నుంచి)

భాష గురించి దిగులు పడకండి. ద్రాస్‌లో షీనా, కార్గిల్‌లో పుర్గీ మాట్లాడినా ఉర్దూ చాలామందికి వస్తుంది. నా పాతబస్తీ ఉర్దూకు వాళ్లు నవ్వుకున్నారు, అది వేరే సంగతి. స్మారకం తోలోలింగ్ కొండ పాదాన, శ్రీనగర్–లేహ్ రహదారి పక్కనే ఉంటుంది. ఆ కొండపై శత్రువు ఉన్నంతకాలం కింది రహదారి వాళ్ల కళ్లముందే ఉండేదని, 1999 జూన్ 13న దాన్ని తిరిగి దక్కించుకోవడం ఎందుకంత ముఖ్యమైందో అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది.

ఇక పలకరింపు విషయం. టీ కొట్టు పెద్దాయనను టైగర్ హిల్ గురించి అడిగితే ముక్తసరిగా రెండు మాటలు చెప్పి ఊరుకున్నారు. ఊరు ఖాళీ చేసినప్పుడు పశువులను ఏం చేశారని అడిగాక మాత్రం, టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా చాలాసేపు చెబుతూనే ఉన్నారు.

సమాధానం (విశాఖపట్నం నుంచి)

కార్గిల్ పట్టణానికి దగ్గరలోని హుందర్మాన్ కూడా చూడండి. 1947–48 యుద్ధం తరువాత పాకిస్తాన్ ఆధీనంలో ఉండి, 1971లో భారత్ చేతికి వచ్చిన ఊరు అది. ఇల్లు కదలకుండానే దేశం మారింది, బంధువులు మాత్రం గీతకు అవతల ఉండిపోయారు. ఖాళీ అయిన పాత రాతి ఇళ్లలో దొరికిన ఉత్తరాలను, వస్తువులను అక్కడే ప్రదర్శనగా ఉంచారు. నియంత్రణ రేఖ దగ్గర కాబట్టి, ఫొటోలు తీసే ముందు అనుమతి అడగండి.

సమాధానం (కరీంనగర్ నుంచి)

జులై 26 కార్గిల్ విజయ దివస్ రోజుల్లో అధికారిక కార్యక్రమాల హడావుడిలో తీరిగ్గా మాట్లాడేవారు దొరకరు కనుక, దానికి ముందే వెళ్లడం మేలు. ద్రాస్ 3,000 మీటర్లకు పైన ఉంటుంది; నాన్నగారిని ముందు వైద్యులకు చూపించి, దారిలో ఒకటి రెండు రోజులు విశ్రాంతినివ్వండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. పశువుల మాట రాగానే ఆయన ఆపమని, 1977 ఉప్పెన రాత్రి దివిసీమలో గొడ్ల పలుపులు విప్పి వదిలేసిన సంగతి మొదటిసారి నాకు చెప్పారు. ద్రాస్‌లో ఆ పెద్దాయన టీ కొట్టు ఎక్కడుందో కాస్త చెప్పగలరా?