సొంత ట్యాబ్ తెమ్మంటున్న బడి: మూడో తరగతి పిల్లలకు ఇది అవసరమా?

పర్లాకిమిడి నాన్న
మా పాప ఇక్కడ ఒడిశాలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి. మూడు నుంచి ఐదు తరగతుల వాళ్లు సొంత ట్యాబ్ తెచ్చుకోవాలని చీటీ పంపారు. లెక్కలు, ఇంగ్లీషు, తెలుగు పీరియడ్లలో వాడతారట. పగిలినా, పోయినా బడికి సంబంధం లేదని రాసి సంతకం అడిగారు. నేనింకా పెట్టలేదు. ఇలాంటిది మీ ఊళ్లలో ఉందా?

గుణుపురం అమ్మ
ఉంది. సంతకం పెట్టకండి. మా బాబు ట్యాబ్ గ్లాసు ఇంటర్వెల్‌లో పగిలింది. పక్క బెంచీ పిల్లాడు తోశాడని మావాడు, తోయలేదని వాడు. టీచరు పట్టించుకోలేదు. ఆ పిల్లాడి అమ్మకూ నాకూ ఇప్పటికీ మాటల్లేవు.

రాయగడ మాస్టారు
నేను చిన్న తరగతులకు తెలుగు చెబుతాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఒడిశాలో తెలుగు చదివే పిల్లల మొదటి కష్టం పుస్తకం. మా బడికి తెలుగు పుస్తకాలు సమయానికి వచ్చిన ఏడాది నాకు గుర్తులేదు. జిరాక్సులతో పాఠాలు మొదలుపెడతాం. ఆంధ్రా పాఠ్యపుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. 2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ చదువుల యాప్ దీక్షాలో పాఠాలు ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా చూడొచ్చు. పిల్ల తను చదివింది రికార్డు చేసుకుని, విని, తప్పు పట్టుకోవచ్చు. నలభై మందిలో ఒక్కొక్కరి చదువూ విడిగా వినడం నా వల్ల కాదు. బడి ట్యాబ్ అయితే సాయంత్రం బీరువాలోకి పోతుంది. సొంతదైతే ఇంటికి వెళ్తుంది, చదువు ఇంట్లోనూ సాగుతుంది. గ్లాసు పగులుతుందని చదువు ఆపుకుంటామా?

బరంపురం బాబాయి
మూడో తరగతికి పలక చాలు.

సెల్ రిపేర్
మాస్టారూ, ఒక్కో ఇంటి నుంచి ఒక్కో రకం ట్యాబ్ వస్తుంది. పాతవాటిలో ఆండ్రాయిడ్ పాతది, కొత్త యాప్ ఎక్కదు. ఒకడిది ఛార్జింగ్ ఉండదు, ఒకడిది మెమరీ ఫుల్లు. అవన్నీ సరిచేసేసరికి పీరియడ్ అయిపోతుంది. గట్టి పౌచ్, టెంపర్డ్ గ్లాసు వేయిస్తే పగలడం మాత్రం తగ్గుతుంది.

గుణుపురం అమ్మ
పౌచ్ వేయించాను. అయినా పగిలింది.

పర్లాకిమిడి నాన్న
మాస్టారూ, పాప కీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు దానంతట అదే వస్తోంది. ఒత్తు ఎక్కడ పడుతుందో, గుడి ఎటు తిరుగుతుందో పిల్లకు తెలియాల్సిన పనే లేదు. ఒడియా, ఇంగ్లీషు, తెలుగు, మూడు లిపులు నేర్చుకునే పిల్లలకు చేతిరాత పోతే మొదట జారేది తెలుగే. స్వీడన్‌లో ఏళ్ల తరబడి ట్యాబ్‌లు వాడి, 2023 నుంచి మళ్లీ అచ్చు పుస్తకాలకు డబ్బు పెడుతున్నారు. ఆంధ్రాలో 2022 డిసెంబరులో ట్యాబ్‌లు ఇచ్చింది ఎనిమిదో తరగతికి, అదీ ప్రభుత్వ ఖర్చుతో. ఇక్కడ ఎనిమిదేళ్ల పిల్లలకు, మన జేబులోంచి.

రాయగడ మాస్టారు
స్వీడన్ పిల్లలకు స్వీడిష్ పుస్తకం కొరత లేదు. మన పిల్లలకు ఉంది. నేను చెప్పేది అదొక్కటే, దానికి మీరు జవాబివ్వలేదు. చేతిరాత మానేయమని నేను ఎక్కడా అనలేదు. పాఠం తెరమీద, రాత నోటుబుక్కులో.

కోరాపుట్ పిల్లల నర్సు
5 నుంచి 10 ఏళ్ల వాళ్లకు అన్నీ కలిపి రోజుకు రెండు గంటల లోపే తెర చూపించాలని మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం 2021లో చెప్పింది. బడిలో గంట అయిపోతే ఇంట్లో టీవీ, ఫోను ఎంత తగ్గిస్తారో కూడా ఆలోచించండి.

బరంపురం బాబాయి
మాస్టారూ, మీ పిల్లలు ఏ మీడియం?

రాయగడ మాస్టారు
నా పిల్లల సంగతి ఇక్కడెందుకండీ? ఒడియా మీడియం. ఉద్యోగం ఇక్కడే చూసుకోవాలి కాబట్టి వేశాను. అందుకని నేను తెలుగుకు ద్రోహినా? తెలుగు బతకాలని ఇక్కడ ఉపన్యాసాలిచ్చే వాళ్లలో ఎంతమంది తెలుగు బడికి పిల్లల్ని పంపుతున్నారు? ఉన్న నలుగురు పిల్లల కోసం దొరికిన దారి వెతుకుతుంటే నన్నే నిలదీస్తారు.

పర్లాకిమిడి నాన్న
కోపం వద్దు మాస్టారూ. అసలు విషయం చెబుతాను. మా బడిలో తెలుగు మేడం నిరుడు మానేశారు. ఆవిడ స్థానంలో ఎవర్నీ తీసుకోలేదు. ఇప్పుడు తెలుగు పీరియడ్‌లో ట్యాబ్ తెరిచి పాఠం వింటారట. క్లాసులో ఉండేది లెక్కల సారు, ఆయనకు తెలుగు చదవడం రాదు. అంటే మేడం జీతం మిగుల్చుకుని ట్యాబ్ ఖర్చు మా మీద వేశారు. నేను సంతకం పెడితే ఆ పోస్టు ఇక ఎప్పటికీ నిండదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లో పాఠాలు చెప్పినాయన. సవర గిరిజన పిల్లల కోసం తానే సవర భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బడి పెట్టారు. ఆ ఊళ్లో తెలుగు చెప్పడానికి ఒక మనిషిని పెట్టలేరా?

సెల్ రిపేర్
ఇది మొదటే రాయాల్సింది అన్నయ్యా. మేం గ్లాసు గురించి కొట్టుకుంటున్నాం.

రాయగడ మాస్టారు
మేడం స్థానంలో ఎవర్నీ తీసుకోకపోవడాన్ని నేను సమర్థించను. యునెస్కో కూడా 2023 నివేదికలో ట్యాబ్ టీచరుకు సాయంగా ఉండాలి, టీచరు బదులు కాకూడదనే చెప్పింది. కానీ పోస్టు నిండేదాకా మీ పాప ఏం చదువుతుంది? రెండేళ్లు పడితే? తెలుగు చదివే పిల్లలు లేరు, పీరియడ్ ఎత్తేస్తున్నాం అంటే అప్పుడేం చేస్తారు? రాయగడ చుట్టుపక్కల అలా పోయిన తెలుగు సెక్షన్లు నేను చూశాను. ట్యాబ్‌తోనైనా పీరియడ్ టైంటేబుల్లో ఉంటే రేపు టీచర్ని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

పర్లాకిమిడి నాన్న
ట్యాబ్‌తో నడుస్తోంది కదా, టీచరెందుకు అంటారు మాస్టారూ. అదే నా భయం. ఇక్కడే మనకు పడటం లేదు.

గుణుపురం అమ్మ
మా బడిలో తెలుగు టీచరు ఉన్నారు. అయినా ట్యాబ్ తేలేని ముగ్గురు పిల్లలు పక్కవాడి దాంట్లోకి తొంగి చూస్తూ కూర్చుంటారు. వాళ్ల సంగతి ఒక్కరూ మాట్లాడలేదు.

రాయగడ మాస్టారు
అది న్యాయమైన మాట అమ్మా. అలాంటివాళ్లకు బడే ఇవ్వాలి. ఇవ్వకపోతే నేనూ ఒప్పుకోను.

పర్లాకిమిడి నాన్న
మా పాపకు మా అమ్మ ఇంట్లో చదివిస్తోంది, బెంగ లేదు. క్లాసులో మిగతా తెలుగు పిల్లల ఇళ్లలో చదివించేవాళ్లు లేరు. శనివారం మీటింగ్‌లో ముందు టీచరు మాట, తర్వాతే ట్యాబ్ మాట అని కాగితం మీద రాసి ఇవ్వబోతున్నాను. ఆ బడిలో పిల్లలున్న పర్లాకిమిడి వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు మెసేజ్ పెట్టండి. పదిమంది సంతకాలుంటే ప్రిన్సిపాల్ వింటారు.