మంచానికే పరిమితమైన విశ్వాసికి దేవుని పనిలో చోటు ఉందా?

ప్రశ్న: నిరీక్షణ

అందరికీ ప్రభువు నామమున వందనాలు. నేను కొన్నేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో (కీళ్లవాతంతో) బాధపడుతున్నాను. మందులు వాడుతున్నాను, వైద్యం విషయంలో నాకు లోటేమీ లేదు. ఒకప్పుడు సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, గాయక బృందంలో పాడేదాన్ని, జబ్బుపడినవారి ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేసి వచ్చేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే వేళ్ల బిగుతు సడలడానికే చాలా సేపు పడుతోంది. బైబిలులోని పలుచని కాగితాలను విడదీయలేక ఒకేసారి నాలుగైదు పేజీలు తిరిగిపోతుంటే, విసుగొచ్చి పుస్తకం మూసి పక్కన పెట్టేస్తున్నాను. ఆరాధనకు వెళ్లడం కూడా బాగా తగ్గిపోయింది.

నొప్పికంటే నన్ను ఎక్కువగా కుంగదీస్తున్నది, ఇక నేను దేవునికి ఏ విధంగానూ పనికిరానేమో అన్న ఆలోచన. విశ్వాసం ఉంటే ఈపాటికి స్వస్థత వచ్చి ఉండేదని కొందరు అంటున్నారు. దీని వెనుక దేవునికి ఏదో ఉద్దేశం ఉందని మరికొందరు అంటారు గాని, అదేమిటో వారూ చెప్పలేరు. ఇటువంటి స్థితిలో ఉన్న మనిషికి దేవుని పనిలో చోటు ఉందా? ఉంటే అది ఎటువంటిది? ఓదార్పు మాటలు చాలా విన్నాను కనుక, వాక్యం ఆధారంగా ఎవరైనా వివరిస్తే కృతజ్ఞురాలిని.

జవాబు: వాక్యవిద్యార్థి

సహోదరీ, ముందుగా విశ్వాసలోపం అన్న నింద సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అది మనసులో ఉన్నంతకాలం మిగతా మాటలేవీ చెవికెక్కవు. అపొస్తలుడైన పౌలు చేతి గుడ్డలను తాకించినప్పుడు రోగులు బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చెబుతోంది. అదే పౌలు తన సహచరుడైన త్రోఫిము రోగియై ఉండగా అతన్ని మిలేతు పట్టణంలో విడిచి వచ్చానని రెండవ తిమోతి పత్రిక చివర ఒక్క వాక్యంలో రాస్తాడు. అందులో క్షమాపణ లేదు, త్రోఫిము విశ్వాసం మీద విమర్శ అంతకంటే లేదు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతల కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మని సలహా ఇచ్చాడే తప్ప, నీ విశ్వాసాన్ని పరీక్షించుకొమ్మని అనలేదు. ఇక తన శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధ తొలగిపోవాలని పౌలు ముమ్మారు వేడుకున్నా అది తొలగలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ఆ ముల్లు ఏమిటన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. నా మట్టుకు నాకు అది తెలియకపోవడమే మేలు అనిపిస్తుంది, ఎవరి ముల్లు వారు అక్కడ పెట్టి చదువుకోవచ్చు.

చోటు ఉందా అన్న మీ ప్రశ్నకు గలతీ పత్రిక 4వ అధ్యాయం 13వ వచనం చూడండి. గలతీయులకు తాను మొదట సువార్త ప్రకటించడానికి శరీర దౌర్బల్యమే కారణమైందని పౌలు అక్కడ గుర్తుచేస్తున్నాడు. అంటే అనారోగ్యం అతని పనికి అడ్డం రాకపోగా, ఆ పని ఎక్కడ మొదలవ్వాలో కూడా అదే నిర్ణయించినట్టుంది. మన కాలానికి దగ్గరగా చూస్తే, తమిళనాడులోని దోనావూరులో అనాథ బాలలను పెంచిన మిషనరీ ఎమీ కార్మైకేల్ 1931లో పడిపోయి గాయపడ్డారు. 1951లో మరణించే వరకు దాదాపు ఇరవై ఏళ్లు ఎక్కువగా తన గదిలోనే గడిపారు. ఆమె రాసిన పుస్తకాల్లో ఎన్నో ఆ మంచం మీద నుంచి వచ్చినవే.

జవాబు: తోడున్నదాన్ని

పై సహోదరుడు చూపిన వాక్యభాగాలతో నాకు పేచీ లేదు గాని, ఎమీ కార్మైకేల్ వంటివారి ఉదాహరణలు రోగులకు చెప్పేటప్పుడు కొంచెం జాగ్రత్తగా ఉండాలని నా మనవి. నేను మా అమ్మకు దీర్ఘకాలం సేవ చేశాను. చివరి దశలో ఆమె పుస్తకం రాయడం మాట అటుంచి, పరలోక ప్రార్థన కూడా సగంలో మరచిపోయేది. అటువంటి మనిషికి, మంచం మీద ఉండి కూడా గొప్ప పనులు చేసినవారి కథలు చెబితే, ఆరోగ్యంగా ఉన్నప్పుడు మోసిన బరువునే మళ్లీ నెత్తిన పెట్టినట్టవుతుంది. పనిని బట్టే విలువ అన్న లెక్క అక్కడ మారలేదు కదా.

త్రోఫిము గురించే ఆలోచించండి. మిలేతులో మంచాన ఉండి అతడు ఎవరికి ప్రకటించాడో, ఏమి సాధించాడో లేఖనం ఒక్క మాట కూడా చెప్పదు, అయినా పౌలు అతన్ని మరచిపోక పేరుపెట్టి రాశాడు. శరీరంలో బలహీనములుగా కనబడే అవయవములే మరి అవశ్యములని మొదటి కొరింథీ 12వ అధ్యాయంలో ఉంది. ఆ అవయవాలు ఏదైనా చేసి చూపిస్తేనే అవశ్యములు అవుతాయని అక్కడ షరతు లేదు. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చారు. యేసు మోసినవారి విశ్వాసాన్ని కూడా చూశాడు. మోయబడటం తప్ప మరేమీ చేయలేని మనిషి ఆ సంఘటనకు నడుమ ఉన్నాడు.

మరొక మాట. ఉద్దేశం వెంటనే కనిపించాలని తొందరపడకండి. 88వ కీర్తన చివరి వరకు చీకటిలోనే సాగి, చీకటిలోనే ముగుస్తుంది, చివర స్తుతివాక్యం కూడా లేదు. అయినా అది ప్రార్థనల గ్రంథంలో ఉంది. "ఎందుకు" అని దేవుణ్ణి నిలదీసి అడిగే రోజులు కూడా ప్రార్థనలోకే వస్తాయి.

జవాబు: పరామర్శకుడు

నేను కతోలిక సంఘానికి చెందినవాడిని, ఇళ్లకు వెళ్లి రోగులను పలకరించే బృందంలో ఉన్నాను. 1992లో రెండవ జాన్ పాల్ పోపు ఫిబ్రవరి 11ను లోక రోగుల దినంగా ప్రకటించారు. ఆ తరువాతి కాలంలో ఆయనే వణికే చేతులతో, తడబడే మాటలతో చాలా ఏళ్లు అందరి ఎదుటా కనిపించారు. ఫ్రాన్సులో మఠవాసినిగా జీవించిన లిసియూ పునీత తెరేసా 1897లో ఇరవై నాలుగేళ్లకే క్షయవ్యాధితో మరణించింది. సువార్త ప్రకటించడానికి ఆమె ఏ దూరదేశానికీ వెళ్లలేదు, ఇద్దరు మిషనరీల కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తూ వారికి ఉత్తరాలు రాసేది. అయినా 1927లో ఆమెను మిషనరీల సంరక్షకురాలిగా ప్రకటించారు. పై సహోదరి హెచ్చరిక నాకు అర్థమైంది, కనుక దీన్ని లక్ష్యంగా కాక, ప్రార్థనను సంఘం ఎంత విలువైన పనిగా ఎంచిందో చూపడానికి మాత్రమే చెబుతున్నాను.

ఆచరణలో నేను చూసినది ఏమిటంటే, నొప్పి ఎక్కువగా ఉన్నప్పుడు దీర్ఘ ప్రార్థన సాధ్యం కాదు. అటువంటి వేళ రెండు మూడు పేర్లు పలికి "ప్రభువా, కరుణించుము" అన్నా చాలు. పేజీలు తిప్పడం కష్టమైతే ఫోనులో ఆడియో బైబిలు పెట్టుకోండి, చదవడం కంటే అది తక్కువైనదేమీ కాదు. తొలి సంఘాల్లో చాలామంది పత్రికలను విన్నవారే. అయితే, పనికిరానన్న భావన రోజుల తరబడి వదలకపోయినా, నిద్ర, ఆకలి తగ్గినా ఆ సంగతి మీ డాక్టరుగారికి చెప్పండి. దీర్ఘకాలిక నొప్పితో పాటు కుంగుబాటు రావడం సాధారణం, దానికి చికిత్స ఉంది.

నిరీక్షణ

అందరికీ కృతజ్ఞతలు. త్రోఫిము పేరు ఇన్నేళ్లుగా చదువుతూ దాటిపోయానే తప్ప అతని గురించి ఎన్నడూ ఆగి ఆలోచించలేదు. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. ఇంటికి వచ్చి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వమని పాస్టరుగారిని అడగాలని ఉంది గాని, ఇప్పటికే చాలామంది రోగులను చూసుకుంటున్న ఆయనకు నేనొక బరువు అవుతానేమోనని వెనుకాడుతున్నాను.

వాక్యవిద్యార్థి

యాకోబు 5వ అధ్యాయం 14వ వచనం చదవండి. మీలో ఎవడైనా రోగియై యుండినయెడల అతడు సంఘపు పెద్దలను పిలిపింపవలెనని ఉంది. పిలవవలసింది రోగి, రావలసింది పెద్దలు. ఈ వారమే ఫోన్ చేయండి, వేళ్ల బిగుతు తగ్గే వేళ ఏదో కూడా ఆయనకు ముందే చెప్పండి. పాత్ర పట్టుకోవడం కష్టమైతే, మీ చేతి కింద ఆయన చెయ్యి పెట్టమని అడగవచ్చు.