డిశ్చార్జ్ కాగితంలో పీటీ, పాప డైరీలో పీటీ: ఏది ఏమిటి?

కొర్లగుంట_వాసి:
మా నాయనకు గుండె వాల్వ్ మార్చినారు, మెటల్ వాల్వ్. డిశ్చార్జ్ కాగితంలో ‘పీటీ స్టేబుల్’, ‘పీటీ వారానికోసారి’, ‘పీటీ రోజుకు రెండుసార్లు’ అని మూడు చోట్ల ఉంది. పాప డైరీలోనేమో ‘సోమవారం నుంచి పీటీ-2’. ఏది ఏమిటో చెప్పండి. వారం పీటీకి పరగడుపున పోవాలా?

బైరాగిపట్టెడ_ల్యాబ్:
మొదటిది పేషెంట్. ఇంగ్లీషులో ‘టీ’ చిన్నక్షరం ఉంటుంది చూడండి. వారానికోసారి రాసింది ప్రోత్రాంబిన్ టైమ్, రక్తం గడ్డకట్టడానికి పట్టే సెకన్లు. పరగడుపు అక్కర్లేదు. సెకన్లు ల్యాబుకో తీరుగా వస్తాయి కాబట్టి పక్కనున్న ఐఎన్ఆర్ చూడండి, ఆ సెకన్లనే ఏ ల్యాబులోనైనా పోల్చుకునేట్టు మార్చిన అంకె అది. రక్తం పలచబరిచే మాత్ర వాడనివాళ్లకు 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ (గుండె ఎడమవైపు పై, కింది గదుల మధ్యది) మెటల్ వాల్వ్‌కు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. మీ డాక్టరు రాసిన అంకే మీకు లెక్క. తగ్గితే వాల్వ్ మీద గడ్డ కడుతుంది, పెరిగితే చిగుళ్లలో, మూత్రంలో రక్తం పడుతుంది.

రక్తం తీసేటప్పుడు లేత నీలం మూత గొట్టం గీత దాకా నిండిందా చూడండి. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ (గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఉండాలి. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువై ఐఎన్ఆర్ లేనిది పెరిగినట్టు వస్తుంది, దాన్ని నమ్మి మాత్ర తగ్గిస్తే అసలు ముప్పు అదే.

పెరటాసి శనివారాల ఉపవాసం, ఆకుకూర ఉన్నట్టుండి మానేయడం, రెండూ ఐఎన్ఆర్‌ను పెంచుతాయి. రోజూ మునగాకు తినే ఇల్లయితే అదే కొలతలో తిననీయండి. విరేచనాలకని షాపులో మెట్రోనిడజోల్ అడిగి తెచ్చి వేయొద్దు, దానికీ పెరుగుతుంది.

ఫిజియో_తిరుపతి:
రోజుకు రెండుసార్లు రాసింది ఫిజియోథెరపీ అన్నా. గాలి పీల్చే బంతుల పరికరం, ఇంట్లో నడక. దగ్గొస్తే దిండు రొమ్ముకు అదిమి పట్టుకోమనండి. రొమ్ము ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అందాకా నీళ్ల బిందె ఎత్తకూడదు. మొక్కు ఉన్నా సరే, అలిపిరి మెట్లు డాక్టరు ఒప్పుకున్నాకే.

టీచరమ్మ_చిత్తూరు:
డైరీలోది పీరియాడిక్ టెస్ట్, సీబీఎస్ఈ బడుల మాట. పదో తరగతిలో ఇంటర్నల్ 20 మార్కుల్లో దీనికి 5. అంకె లేకుండా టైంటేబుల్లో ‘పీటీ’ అని ఉంటే ఆటల పీరియడు, బూట్లు వేసి పంపండి.

కొర్లగుంట_వాసి:
అర్థమైంది. ఈఎన్‌టీ డాక్టరు చీటీలో ‘పీటీఏ’ అని ఉంది, అదీ బడిదేనా?

బైరాగిపట్టెడ_ల్యాబ్:
చెవి డాక్టరు రాస్తే వినికిడి పరీక్ష, ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ. బడి రాస్తేనే తల్లిదండ్రుల, టీచర్ల సంఘం.