ఇనాక్ ఆర్డెన్ (1914): మాటలు లేని తెరమీద ఒక్కడి మౌనం

పాతరీలు: పెర్సీ నాష్ దర్శకత్వంలో జెరాల్డ్ లారెన్స్, ఫే డేవిస్, బెన్ వెబ్‌స్టర్ నటించిన ఈ బ్రిటిష్ మూకీకి ఆంగ్లకవి టెన్నిసన్ 1864లో ప్రచురించిన కథాకావ్యం ఆధారం. ఓడ మునిగి, ఏళ్ల తరబడి ద్వీపంలో చిక్కుకుని తిరిగివచ్చిన ఇనాక్, భార్య ఆనీ తన చిన్ననాటి స్నేహితుడు ఫిలిప్‌ను పెళ్లాడిందని తెలిసి నోరు విప్పకుండా ఉండిపోతాడు. తెరమీద అందరూ మూగవాళ్లే అయినప్పుడు ఇతని మౌనం ప్రేక్షకుడికి విడిగా ఎలా తెలుస్తుంది? ఈ కథను ఏ రూపంలో చూసినవారైనా చెప్పండి.

విశ్రాంత అధ్యాపకుడు: డిగ్రీ విద్యార్థులకు ఈ కావ్యం చెప్పిన రోజుల్లో నేను కిటికీ ఘట్టం దగ్గర చాలాసేపు ఆగేవాణ్ణి. లోపల ఫిలిప్ మోకాళ్లమీద పసిబిడ్డ, ఆ బిడ్డ ముందు రిబ్బనుకు కట్టిన ఉంగరం ఊపుతున్న ఇనాక్ సొంత కూతురు, కొడుకుతో మాట్లాడుతున్న ఆనీ కనిపిస్తారు. బయట ఇనాక్, కాలికింద గులకరాళ్లు చప్పుడు చేస్తాయేమోనని దొంగలా అడుగులో అడుగు వేస్తూ వెనుదిరుగుతాడు. ఆ చప్పుడు వినపడని చిత్రంలో పాదాలను దగ్గరగా చూపితే తప్ప ఆ భయం అందదు.

రెండు రీళ్లు: అమెరికాలో దర్శకుడు గ్రిఫిత్ ఈ కథను 1908లో వేరే పేరుతో, 1911లో అసలు పేరుతో రెండు రీళ్లుగా తీశారు. నేను చూసిన 1911 చిత్రంలో ఎదురుచూపు బాగా పండింది కానీ, మౌనం మాత్రం నాకు ముఖకవళికలుగానే మిగిలింది.

వాదప్రతివాది: చిన్న పక్కమాట. ఆనీని నిందించేవారు కాలం లెక్క మరచిపోతారు. 2024 వరకు అమల్లో ఉన్న మన 1872 నాటి సాక్ష్య చట్టం ఏడేళ్లు జాడ లేని మనిషిని మరణించినట్లు భావించనిచ్చేది; ఆమె మాత్రం పదేళ్లు దాటినా ఫిలిప్‌తో పెళ్లికి వెంటనే ఒప్పుకోక మరో ఏడాది గడువు అడిగింది. చిత్రం ఆ ఏళ్లను టైటిల్ కార్డులోనైనా (దృశ్యాల మధ్య తెరమీద చూపే రాతలోనైనా) చెప్పకపోతే ఆమెకు అన్యాయం జరుగుతుంది.

పియానో మెట్లు: జర్మన్ సంగీతకర్త రిచర్డ్ స్ట్రౌస్ 1897లో ఈ కావ్యపఠనానికి పియానో కూర్చారు. నేను విన్న ప్రదర్శనలో వాద్యం చాలాసేపు పూర్తిగా ఆగిపోయి, చదివే గొంతు ఒంటరిగా మిగిలినప్పుడే నాకు ఇనాక్ దగ్గరయ్యాడు.

పాతరీలు: ఆగిపోవడమే ఉపాయమైతే, మూకీలో ఆపగలిగింది టైటిల్ కార్డునే. తిరిగివచ్చాక ఇనాక్ మాటగా ఒక్క కార్డూ వేయకుండా, చివరికి అతను సత్రం నడిపే మిరియమ్ లేన్ చేతికి చనిపోయిన తన బిడ్డ జుట్టుపాయ అప్పగించేటప్పుడు మాత్రమే వేయాలి.