పక్కింటాయన తిట్టినా సాత్వికంగానే జవాబివ్వాలా?

ఉప్పల్‌వాసి:
అందరికీ వందనాలు. డిసెంబరు మొదటి వారంలో బాల్కనీలో క్రిస్మస్ స్టార్ కట్టాం. ఆ రాత్రే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు ఆయన "బియ్యం మూటల పండగ మొదలైంది" అని పెట్టాడు, బియ్యానికి ఆశపడి మతం మారామని ఎగతాళి. మేము మా తాతల నాటి నుంచి విశ్వాసులం. మూట సంగతి అలా ఉంచండి, గుప్పెడు గింజలు కూడా ఎవరూ ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండింది. వినాయక చవితి చందా లెక్కల గురించి, ఆయన దేవుడి గురించి రాయకూడనివి రాసేశాను. వాళ్ల పాప మా ఆవిడ దగ్గరికి ట్యూషన్‌కి వచ్చేది. మర్నాటి నుంచి రావడం లేదు. పాప నోట్‌బుక్ మా టీవీ పక్కనే ఉండిపోయింది. సంఘ పెద్ద వెళ్లి క్షమాపణ అడగమంటున్నారు. ముందు తిట్టింది ఆయన కదా, నేనెందుకు అడగాలి?

లాలాగూడ_రైల్వే:
అడగక్కర్లేదు బ్రదర్. సాత్వికం అంటే నోరు మూసుకోవడం కాదు. యేసు ప్రభువు కొరడా అల్లి దేవాలయంలోంచి వ్యాపారుల్ని తరిమారు. పరిసయ్యుల్ని సర్పసంతానం అన్నారు. యోహాను 18లో బంట్రోతు చెంప మీద కొడితే రెండో చెంప చూపలేదు, నన్నెందుకు కొడుతున్నావని నిలదీశారు. పౌలు ప్రధాన యాజకుణ్ణి మొహం మీదే "సున్నము కొట్టిన గోడా" అన్నాడు.

మౌలాలి_అక్క:
తమ్ముడూ, ఆ కొరడా, ఆ సర్పసంతానం ఎవరి మీద? దేవాలయం మాది, ధర్మశాస్త్రం మాది అనుకున్నవాళ్ల మీద. యూదులు దూరం పెట్టిన సమరయ స్త్రీని మాత్రం ముందు దాహానికి నీళ్లడిగారు. 1 పేతురు 3:15లో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండండి అన్నంతవరకే అందరం ఎత్తి చెబుతాం. "సాత్వికముతోను భయముతోను" అని కూడా అదే వచనంలో ఉంది. అది రాసింది నిందలు పడుతున్నవాళ్లకే. ఇక సున్నం గోడ అంటారా, రెండు వచనాల తర్వాత పౌలు తనే తగ్గాడు.

లాలాగూడ_రైల్వే:
ఎక్కడ తగ్గాడు? ప్రధాన యాజకుడని తెలియలేదు అన్నాడంతే. క్షమించమన్న మాట ఉంటే చూపించండి.

మౌలాలి_అక్క:
అపొస్తలుల కార్యములు 23:5 చూడండి. నీ ప్రజల అధికారిని నిందించవద్దు అన్న నిర్గమకాండం మాట తనే ఎత్తి చెప్పాడు. తన తప్పును తనే వాక్యంతో చూపించుకున్నాక ఇంకేం కావాలి?

లాలాగూడ_రైల్వే:
అక్కడున్నది అధికారి. మూడో అంతస్తు ఆయన ఎవరికి అధికారి?

చూసిపోతా:
నేను హిందువుని. ఆయన రాసింది తప్పే. కానీ నా దేవుణ్ణి ఎవరైనా తిడితే, గొడవ ఎవరు మొదలుపెట్టారో నాకు గుర్తుండదు. తిట్టిన మాటే గుర్తుంటుంది.

రామంతాపూర్_యూత్:
మిషనరీ గ్రాహం స్టెయిన్స్ భార్య గ్లాడిస్ గారిని తలచుకోండి. 1999 జనవరిలో ఒడిశా మనోహర్‌పూర్‌లో భర్తను, ఇద్దరు కొడుకులను బండిలోనే సజీవ దహనం చేస్తే క్షమించానన్నారు. మనది ఒక్క వాట్సాప్ మెసేజ్.

లాలాగూడ_రైల్వే:
ఇదిగో, నాకు కాలేది ఇక్కడే. ఆవిడ పేరు చెప్పి మా నోళ్లు మూయిస్తారు. ఆవిడ క్షమించారు, కానీ కేసు ఆగలేదు. ప్రధాన నిందితుడి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమించమని ఆవిడను ఎవరూ వెనక నుంచి తొయ్యలేదు.

మౌలాలి_అక్క:
మీకు వేరే ఎవరి మీదో కోపం ఉంది. అది ఈ అబ్బాయి కాపురం ఉండే చోట తీర్చుకుంటున్నారు.

లాలాగూడ_రైల్వే:
అవును, ఉంది. రిటైరయినప్పుడు వచ్చిన డబ్బుల్లోంచి మా సంఘం కొత్త హాలుకి లక్ష ఇచ్చాను. ఏడాది తర్వాత లెక్క అడిగాను. కమిటీలో నన్ను లేపి 2 తిమోతి 2:24 చదవమన్నారు. ప్రభువు దాసుడు జగడమాడకూడదు, అందరియెడల సాధువుగా ఉండాలి. అరవై ఏళ్ల మనిషిని, బడిపిల్లాడిలా నిలబడి చదివాను. లెక్క ఈ రోజుకీ ఇవ్వలేదు. సాత్వికం గురించి మాకు చెప్పేవాళ్లు మాతో ఏనాడైనా సాత్వికంగా ఉన్నారా?

మౌలాలి_అక్క:
అన్నా, మీ వయసు తెలియక తమ్ముడూ అన్నాను, ఏమనుకోకండి. మీకు జరిగింది అన్యాయం. పౌలు ఆ వచనం రాసింది తిమోతికి, అంటే సంఘాన్ని నడిపేవాడికి. కమిటీవాళ్లు తాము చదువుకోవాల్సింది మీ చేత చదివించారు. లెక్క అడగడం మానకండి.

కానీ నా సంగతి కూడా వినండి. మా నాన్న చివరిదాకా హిందువే. నేను రక్షణ పొందిన కొత్తలో పూజ గది గుమ్మంలో నిలబడి, రాళ్లకు మొక్కుతున్నావని ఆయనతో వాదించాను. నేనడిగినవాటికి ఆయన దగ్గర జవాబు లేదు. తర్వాత మంచాన పడ్డారు. జావ తెస్తే నా చేతి నుంచి తాగలేదు. గ్లాసు తమ్ముడి చేతికిస్తే తాగారు. చివరిదాకా అంతే.

లాలాగూడ_రైల్వే:
తిమోతి వచనం ఎవరికి రాసిందో నేనలా ఆలోచించలేదు సిస్టర్. పౌలు క్షమాపణ అడిగాడంటే మాత్రం ఒప్పుకోను. ఉప్పల్ బ్రదర్, వెళ్తే వెళ్లు. ఆ మూట మాట ఎంత గుచ్చుకుందో కూడా చెప్పిరా.

ఉప్పల్‌వాసి:
సాయంత్రం నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాను. ఆయన లేరు, వాళ్లావిడ తలుపు తీశారు. దేవుడి గురించి రాసింది నా తప్పే అన్నాను. ఆ మెసేజ్ చూసి మా అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదని కూడా చెప్పాను. ఆవిడ నోట్‌బుక్ తీసుకుని, ఆయనకు చెబుతానన్నారు.

మౌలాలి_అక్క:
మంచి పని చేశావు తమ్ముడూ. కానీ నువ్వు రాసింది గ్రూపులో కదా. అందరూ చదివారు.

ఉప్పల్‌వాసి:
తెలుసక్కా. గ్రూపులో రెండుసార్లు టైప్ చేశాను. రెండుసార్లూ చెరిపేశాను.