టీకాల గురించి గోడ మీద ఏం గీస్తే జనానికి అర్థమవుతుంది?

గోడబొమ్మ: బోరబండలో మా బస్తీలో ఒక గోడ మీద తట్టు, రుబెల్లా టీకా గురించి బొమ్మలు వేయమన్నారు. పోయినసారి పెద్ద సూది గీశాను. ఒక పాప దాన్ని చూసి వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ముందుకు రానని ఒకటే ఏడుపు. మర్నాడే సున్నం కొట్టేశాను. ఈసారి ఏం గీయమంటారు?

ముగ్గుల అక్క: తమ్ముడూ, సూది అసలే వద్దు. నేను అంగన్‌వాడీలో ముగ్గుతో చెప్తాను. నేల మీద ఇరవై చుక్కలు పెడతాను. మధ్యలో ఒకటి పసుపుతో, అది ఇంకా తొమ్మిది నెలలు నిండని పసిబిడ్డ, ఈ టీకా వేసే వయసు రాలేదు. మిగతా పందొమ్మిది టీకా వేయించుకున్నవాళ్ళు. వాటి చుట్టూ గీత తిప్పితే ఆ పసుపు చుక్క కూడా ముగ్గు లోపలే ఉంటుంది. తట్టు అంత తొందరగా అంటుకునే జబ్బు కాబట్టే నూటికి 95 మందికి టీకా పడాలంటారు. తర్వాత నాలుగు చుక్కలు చేత్తో చెరిపి "ఇప్పుడు గీత ఎట్ల కలుస్తది?" అని అడుగుతాను. ఒక అమ్మమ్మ చాలాసేపు ఆ ఖాళీనే చూసి, లేచి ఇంటికెళ్ళి మనవరాలి కార్డు తెచ్చింది. పదహారు నెలలు నిండాక వేయించాల్సిన రెండో డోసు మిగిలిపోయింది.

చార్మినార్ చాయ్: అక్కా, చాలా బాగుంది. కానీ మా గల్లీలో ముగ్గులు వేయరు. 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ళ పిల్లలందరికీ ఈ టీకా వేసినప్పుడు, ఇది వేస్తే పిల్లలు పుట్టరని మా వాట్సాప్‌లో ఒకటే పుకారు. మేం కాగితం మీద అరచెయ్యి గీసి, మెహందీ డిజైన్‌లో కడుపులో బిడ్డను పెట్టాం. గర్భం మొదటి నెలల్లో తల్లికి రుబెల్లా వస్తే బిడ్డ కళ్ళు, చెవులు, గుండె దెబ్బతింటాయని ఉర్దూలో రాశాం. డిజైన్ వేసింది ఆ గల్లీ ఆడవాళ్ళే. అందుకే నమ్మారు.

రిటైర్డ్ సిస్టర్: బాబూ, జ్వరం కూడా గీయి. ఈ టీకా వేసిన వారం పది రోజులకు కొందరు పిల్లలకు ఒళ్ళు కాలి, ఎర్రటి దద్దు వస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. ముందే చెప్పకపోతే తల్లికి టెన్షన్, రెండో డోసుకు మళ్ళీ రాదు. ఇంకోటి, సీసా మీద చిన్న గుండ్రం, దాని లోపల తెల్ల చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. గుండ్రం రంగుకు వచ్చిందంటే ఆ సీసా వాడరు. దాన్ని పెద్దగా గీస్తే తల్లులే సీసా చూపించమని అడుగుతారు. అడగాలి కూడా.

పటం కథ: కథను బొమ్మల్లో చూపించే చేర్యాల బట్ట పటంలా వరసగా గడులు గీయండి. కథ చెప్పే మనిషి పక్కన ఉంటే ఇంకా మంచిది.

గోడబొమ్మ: జ్వరం, సీసా తప్పకుండా గీస్తాను. గోడ కింద నేల ఖాళీగానే ఉంది. ముగ్గుల అక్కా, ఆదివారం రాగలరా?

ముగ్గుల అక్క: వస్తాను. పొద్దున్నే నేల ఊడ్పించి, నీళ్ళు చల్లించి పెట్టు.