లాక్‌డౌన్‌లో నెలసరి: మీరంతా ఎలా నెట్టుకొచ్చారు?

బస్తీ_పిల్ల: 2020 లాక్‌డౌన్‌లో ఏం వాడారు, ఎక్కడ మార్చుకున్నారు, వాడినవి ఎక్కడ పారేశారు? చెప్పండి అక్కలూ.

మెడికల్_షాపు: మార్చి 25న అంతా మూతపడింది. ప్యాడ్లు కూడా నిత్యావసరాలేనని కేంద్ర హోం శాఖ 29న స్పష్టం చేసింది. ఆ తర్వాత కూడా మా షాపుకి స్టాకు వెంటనే రాలేదు.

ఇద్దరి_తల్లి: స్టాకు ఉంటే మాత్రం? ఇళ్లలో పని మాన్పించారు, జీతం రాలేదు. ఉన్న డబ్బు బియ్యానికే చాలలేదు. పాత చీర చింపుకున్నా.

స్టాఫ్‌నర్స్: గుడ్డ వాడటం తప్పు కాదమ్మా. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. ఇరవై ఏళ్ల సర్వీసుతో చెప్తున్నా.

ఇద్దరి_తల్లి: ఏ ఎండలో నర్సమ్మా? ఒకటే గది. మామ, మరిది, మా ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే. లంగా కింద దాచి ఆరేస్తే చెమ్మ పోలేదు. తొడలు ఒరుసుకుపోయి నడవలేకపోయాను. మీ సర్వీసులో ఇది రాలేదా?

స్టాఫ్‌నర్స్: కోపమెందుకు? పీపీఈ కిట్ వేసుకుంటే డ్యూటీ అయ్యేదాకా మార్చుకునే వీల్లేదు మాకు. మేమూ పడ్డాం.

కప్పు_వాడండి: నెలసరికి లోపల పెట్టుకునే సిలికాన్ కప్పు ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. మరిగించుకుంటే చాలు, ఇంత గొడవ ఉండదు.

ఇద్దరి_తల్లి: అన్నం వండే గిన్నెలోనా మరిగించేది? మా అత్త ముందర?

కప్పు_వాడండి: వేరే గిన్నె పెట్టుకోండి!

ట్యాంకర్_లైను: గిన్నె సరే, నీళ్లేవి? మాస్కులు కట్టుకుని బిందెలతో కొట్టుకున్నాం. చేతులు కడుక్కోమని టీవీలో రోజూ పాఠం. నలభై ఇళ్లకి ఒకటే బాత్రూం, చీకటి పడ్డాకే వెళ్లేదాన్ని.

రవి_కూకట్‌పల్లి: జన ఔషధి అని కేంద్రం వాళ్ల చౌక మందుల షాపుల్లో 2019 నుంచే ప్యాడ్ రూపాయి కదా, తెలుసుకోవాలి.

ట్యాంకర్_లైను: అన్నా, బస్సుల్లేవు, ఆటోల్లేవు. రూపాయి ప్యాడ్ కోసం పోలీసు లాఠీ తినమంటావా?

రవి_కూకట్‌పల్లి: సమాచారం ఇస్తే తిడతారేంటి?

తెనాలి_టీచర్: ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. బడిలో టీచర్ని అడిగి ప్యాడ్లు తీసుకునేవాళ్లు, బడి మూశాక ఆ దారీ పోయింది. ఆంధ్రాలో స్వేచ్ఛ పథకం 2021 అక్టోబరులో గానీ రాలేదు. 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఉచితంగా అన్నారు.

మెడికల్_షాపు: పది సరిపోతాయా?

తెనాలి_టీచర్: అక్కాచెల్లెళ్లు ఇద్దరుంటే తల్లి కూడా అందులోంచే వాడుకుంటుంది. మీరే లెక్కేయండి.

బస్తీ_పిల్ల: పారేయడం గురించి ఎవరూ చెప్పలేదు.

ట్యాంకర్_లైను: మా వీధిలో నాలా ఉందిగా. ఇప్పటికీ ట్యాంకర్ రోజు మార్చి రోజే వస్తోంది, ఎవరికి ఫోన్ చేయాలో ఎవరికైనా తెలుసా?